మూడో వరుస పైకప్పు మీది సీసీ కెమెరా గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సీసీ కెమెరా గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మీరు క్షేమమని తలుస్తాను. నా క్షేమం సంగతి అందరికంటే ముందు మీకే తెలుసునన్న నమ్మకంతో ఇన్నాళ్లూ మీకు విడిగా ఉత్తరం రాయలేదు. మీ దుకాణంలో జారిపడి చెయ్యి విరిగినందుకు నేను కోరిన పరిహారం మీద నిన్నటి టపాలో మీ యాజమాన్యం వారి జవాబు అందాక ఆ నమ్మకం గురించి మనిద్దరం ఒక మాట మాట్లాడుకోక తప్పదనిపించింది. "మీరు పేర్కొన్న తేదీకి, సమయానికి సంబంధించిన కెమెరా దృశ్యాలు అందుబాటులో లేవు. తగిన ఆధారాలు లేనందున మీ క్లెయిమును పరిగణించలేకపోతున్నాము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని అందులో మూడే వాక్యాలు ఉన్నాయి. మొదటి వాక్యంలో ఆధారాన్ని పోగొట్టుకున్నవారే రెండో వాక్యంలో ఆధారం ఏదని నన్ను అడుగుతున్నారు. మూడో వాక్యంలోని అసౌకర్యం విరిగిన మణికట్టుకు సంబంధించినదా, మాయమైన దృశ్యాలకు సంబంధించినదా అన్నది వారు తేల్చలేదు.

నేను ఎలా పడ్డానో మీకు చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా మీ జ్ఞాపకం చెరిగిపోయిందని అధికారికంగా ప్రకటించారు కాబట్టి ఒక్క నిమిషం గుర్తు చేయనివ్వండి. నేల మీద వెల్లకిలా పడి ఉన్న మనిషికి పైకప్పు తప్ప వేరే లోకం ఉండదు. మిమ్మల్ని మొదటిసారి తీరిగ్గా చూసింది అప్పుడే. నల్లని గాజు గుండు, దాని అంచున పేరుకున్న దుమ్ము, లోపల వెలుగుతున్న ఎర్రటి చుక్క, పక్కనే "మీ భద్రత కోసం ఈ ప్రాంగణం నిరంతర నిఘాలో ఉన్నది" అనే చీటీ. తల పక్కకు తిప్పితే నేల కనబడింది. కింది అరలో పక్కకు ఒరిగిన సీసా మూత నుంచి కారిన ద్రవ సబ్బు నడవ మధ్య దాకా పాకి ఉంది. నా కాలు జారిన చోట అది తడిగానే ఉంది గానీ, అంచుల్లో ఎండిపోయి తెల్లటి పొర కట్టింది. ఆ పొర మీద ట్రాలీ చక్రాల గీతలు రెండు, ఒకదాని పక్కన ఒకటి, నా కంటే చాలా ముందే ఎవరో ఆ దారిన వెళ్లారని స్పష్టంగా చెబుతున్నాయి. దయచేసి ఆ తెల్లటి పొరను, ఆ గీతలను మనసులో ఉంచుకోండి. నేను అడగబోయేదంతా వాటి గురించే.

ముందుగా పరుగెత్తుకొచ్చిన ఉద్యోగి చేతిలో కుర్చీ లేదు, మాప్ ఉంది. నన్ను లేపడానికి ముందే నేలను తళతళలాడేలా తుడిచేశారు. ఆ తరువాత "తడి నేల, జాగ్రత్త" అనే పసుపుపచ్చ బోర్డు వచ్చి, పెళ్లి అయిపోయాక వచ్చిన చుట్టంలా నా కాళ్ల దగ్గర నిలబడింది. వెంటనే ఒకరు ఫోను తీసి, బోర్డూ నేనూ ఒకే చట్రంలో పడేటట్టు ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో మాత్రం ఇప్పటికీ అందుబాటులో ఉంది. క్లెయిము తిరస్కరించడానికి జత చేసిన కాగితాల్లో మొదటిది అదే.

ప్రమాద నివేదిక ఫారం గురించి ఎక్కువ చెప్పను. అందులో ప్రమాదానికి కారణం అనే గడి కింద "తొందరపాటు", "ఫోను వాడకం", "అనువుగాని పాదరక్షలు", "ఇతరములు" అని నాలుగు ఎంపికలున్నాయి. నేల అనే పదార్థం సృష్టిలో ఉన్నట్టు ఆ ఫారం తయారు చేసినవారికి తెలియదు. నకలు ఇమ్మంటే అది అంతర్గత పత్రమన్నారు. కొన్న వస్తువుల బిల్లు జత చేయమన్నారు. కొనకముందే పడ్డానని చెబితే, అయితే ఆ రోజు మీరు మా వినియోగదారులే కారేమో పరిశీలించాలన్నారు. విరిగింది కుడిచేయి కాబట్టి ఎడమచేత్తో సంతకం చేసి పంపితే, గుర్తింపు పత్రంలోని సంతకంతో సరిపోలలేదని దరఖాస్తును తిప్పి పంపారు. చేయి విరిగిందని చెప్పుకోవడానికి విరగని చేత్తో సంతకం చేయాలనే ఈ నిబంధనను కనిపెట్టిన మహానుభావుడికి నా పాదాభివందనాలు.

ఆ తరువాత బీమా సంస్థ తరఫున ఒకరు ఫోను చేశారు. గొంతు ఎంత మృదువుగా ఉందంటే, ఆప్తులెవరో పలకరిస్తున్నారనుకున్నాను. "నమస్కారమండీ, ఎలా ఉన్నారు?" అని అడిగారు. ఎవరైనా ఏమంటారు? "బాగానే ఉన్నానండీ" అన్నాను. సంభాషణ రికార్డవుతోందని అంతకుముందే ఒక యంత్రం చెప్పి ఉంది. తరువాత చూస్తే నా ఫైలులో "తాను బాగానే ఉన్నట్టు క్లెయిముదారు స్వయంగా ధ్రువీకరించారు" అని రాసి ఉంది. ఆ రికార్డు కూడా భద్రంగానే ఉందండోయ్, చెరిగిపోలేదు. ఇలాంటి ఫోను వచ్చినప్పుడు పేరు, తేదీ, స్థలం మించి ఏమీ చెప్పకుండా, మిగతాది రాతపూర్వకంగా పంపుతానని అనడం మంచిదని అనుభవజ్ఞులు తరువాత చెప్పారు.

ఇక అసలు విషయానికి వస్తాను. దుకాణం నేల మీద ఎవరైనా జారిపడితే చట్టం అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైనది పడినవాడి గురించి కాదు, పడేసిన పదార్థం గురించి. అది నేల మీద ఎంతసేపటి నుంచి ఉంది? క్షణం క్రితం ఎవరో ఒలకబోసి ఉంటే దుకాణదారు మాత్రం ఏం చేయగలడు. చాలాసేపటి నుంచి ఉంటే మాత్రం చూసి తుడవవలసిన బాధ్యత అతనిదే. ఈ వివేకం కొత్తదేమీ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1901లో ఒకాయన రైల్వే ప్లాట్‌ఫారం మీద అరటిపండు తొక్క తొక్కి జారిపడి దావా వేస్తే, ఆ తొక్కను ఒక్క నిమిషం ముందే రైలు దిగిన ప్రయాణికులెవరో పడేసి ఉండవచ్చు కదా అని కోర్టు ఆయన్ను ఉత్త చేతులతో పంపింది. అదే రాష్ట్రంలో 1911లో మరొకామె అలాంటి తొక్క మీదే పడింది. అయితే ఆ తొక్క ఎండిపోయి, మట్టి పట్టి, నలుగురూ తొక్కగా అణిగిపోయి, నల్లబడి ఉందని సాక్షులు చెప్పారు. అంత నల్లబడేదాకా సిబ్బంది ఏం చేస్తున్నారన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఆమె గెలిచింది. రెండు కేసుల్లోనూ పండు అదే, పడడమూ అదే. తేడా అంతా తొక్క రంగులో ఉంది.

నా తెల్లటి పొర సంగతి మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. నా చక్రాల గీతల సంగతి కూడా. 1911 నాటి ఆమెకు ఆ తొక్కను చూసిన మనుషులు దొరికారు. నా గీతలను మాప్ తినేసింది. మిగిలిన ఏకైక సాక్షి మీరు. సబ్బు ఎప్పుడు కారడం మొదలైందో, ఎందరు దానిని తప్పుకుంటూ నడిచారో, ఎవరి ట్రాలీ దాని మీదుగా వెళ్లిందో, యూనిఫాం వేసుకున్నవారు ఎందరు చూసీ చూడనట్టు దాటిపోయారో ఈ భూమ్మీద మీకొక్కరికే తెలుసు. నేను చేయవలసిన పని ఒక్కటే: ఎప్పుడూ నిద్రపోని సాక్షి, పక్షపాతమెరుగని సాక్షి, సమయాన్ని సెకన్లతో సహా మూలన ముద్రించుకునే సాక్షి నోరు విప్పేదాకా ఓపిక పట్టడం. పట్టాను.

ఈ ఓపికలోనే మోసం దాగి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మీకున్న జబ్బు గురించి ఆ తరువాతే తెలుసుకున్నాను. మీ వెనక ఉన్న డిస్కు నిండగానే కొత్త దృశ్యాలు పాతవాటి మీద వచ్చి కూర్చుంటాయట. చాలా దుకాణాల్లో ఇది నెల రోజులకో, ఇంకా తక్కువ వ్యవధికో జరిగిపోతుందట. ఎవరైనా పూనుకుని ఒక ముక్కను విడిగా తీసి దాచితే తప్ప అది మిగలదు. మరోవైపు ఫిర్యాదు చేయడానికి చట్టాలు ఇచ్చిన వ్యవధి చూడండి. ఇంగ్లండులో గాయానికి పరిహారం కోరడానికి మూడేళ్లు ఇచ్చారు. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో రెండేళ్లు ఇచ్చారు. బాధితుడు ఆసుపత్రి నుంచి బయటపడి, కట్టు విప్పించుకుని, తేరుకుని రావాలి కదా అని శాసనకర్తలు దయతలచారు. వారి లెక్క సంవత్సరాల్లో ఉంది, మీ లెక్క వారాల్లో ఉంది. మధ్యలో మీ యాజమాన్యం వారికి మిగిలిన పనల్లా నా ఉత్తరాలకు "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని జవాబిస్తూ కాలక్షేపం చేయడమే. దృశ్యాలను చెరపకుండా భద్రపరచమని తేదీ, సమయం, వరుస సంఖ్యతో సహా నేను రాసిన ఉత్తరం, కట్టు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే వారికి చేరింది. అందినట్టు సంతకం చేసిన కాగితం నా దగ్గర ఉంది. అంటే డిస్కు నిండడం ప్రకృతి ధర్మమే కావచ్చు గానీ, ఆ ముక్కను తీసి పక్కన పెట్టకపోవడం మాత్రం ఎవరో తీసుకున్న నిర్ణయం.

మీ కంటే నా ఎముకకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు నేనేమీ చెప్పకముందే "అరచెయ్యి ఆన్చి పడ్డారు కదూ" అన్నారు. ఆ తీరున పడితే మణికట్టు దగ్గర ఎముక ఎలా విరుగుతుందో కోలిస్ అనే ఐరిష్ వైద్యుడు 1814లోనే వర్ణించి పెట్టాడు. అప్పటికి ఎక్స్‌రేలు పుట్టనే లేదు. అవి వచ్చింది 1895లో. యంత్రమేదీ లేకుండా, చేత్తో తడిమి అంత కచ్చితంగా చెప్పినవారు ఉన్న లోకంలో, తలపైన వేలాడుతూ కళ్లారా చూసిన మీకు ఏమీ గుర్తులేదు.

మీ యాజమాన్యం వారి తర్కాన్ని కూడా ఒకసారి మెచ్చుకోవాలి. సబ్బు స్పష్టంగా కనబడుతూనే ఉంది కదా, చూసుకుని నడవవలసింది మీరే అని మొదటి ఉత్తరంలో రాశారు. సరే, అంత స్పష్టంగా కనబడేదాన్ని మీ సిబ్బంది ఎందుకు తుడవలేదని అడిగితే, అది రంగులేని ద్రవం, మా సిబ్బంది కంటికి ఆనే అవకాశం లేదని రెండో ఉత్తరంలో రాశారు. కనబడితే నా తప్పు, కనబడకపోతే ఎవరి తప్పూ కాదు. నా కళ్లకు ఉన్న చూపు వారి సిబ్బంది కళ్లకు లేకపోవడం విచారకరమే. ఆ రెండు ఉత్తరాలూ ఒకే చేతి సంతకంతో వచ్చాయని మాత్రం మనవి చేస్తున్నాను.

ఇంతవరకూ మర్యాద తప్పలేదనుకుంటాను. ఇక ముందు మాట ఇవ్వలేను.

జవాబు పట్టుకుని నిన్న సాయంత్రం నేరుగా మీ దుకాణానికే వెళ్లాను. నాకు తెలిసిన మేనేజరు బదిలీ అయ్యారట. కొత్తాయనకు నా సంగతి తెలియదట. బిల్లింగు కౌంటరు దగ్గర నిలబెట్టారు. అక్కడ గోడ మీద వరసగా కొన్ని కాగితాలు అతికించి ఉన్నాయి. "వీరు కనిపిస్తే వెంటనే తెలియజేయండి" అని పైన రాసి, కింద నలుగురైదుగురి బొమ్మలు. ఒక కుర్రవాడు క్రీము డబ్బాను జేబులో వేసుకుంటున్నాడు. జేబు అంచున వాడి బొటనవేలు కూడా కనబడుతోంది. ఆ బొమ్మ పైనుంచి తీసినది. వెనక కనబడుతున్నది మూడో వరుస. మూలన తేదీ, గంట, నిమిషం, సెకను. ఆ తేదీ నేను పడిన తేదీ కంటే నెలల తరబడి ముందుది.

అది నువ్వు తీసినదే. చూశావు, గుర్తుపెట్టుకున్నావు, బయటికి తీయించావు, రంగుల్లో అచ్చు వేయించి గోడకెక్కించావు. డిస్కు నిండిపోవడం ఆ కుర్రవాడి విషయంలో అడ్డం రాలేదు. అరచేతిలో పట్టే క్రీము డబ్బా కోసం నెలల నాటి క్షణం నీకు సెకనుతో సహా అక్కరకొచ్చింది. నీ కిందే, నీ కళ్ల ముందే, నీ ఎర్రచుక్క వెలుగుతుండగానే ఒక మనిషి చెయ్యి విరిగితే అది మాత్రం అందుబాటులో లేదు. మీ భద్రత కోసం అని పక్కనే చీటీ వేలాడదీయడానికి సిగ్గు లేదా? ఎవరి భద్రత? డబ్బా భద్రతా? ఆ చీటీ మీద "మా సరుకు భద్రత కోసం" అని రాసి ఉంటే నేను నీ వైపు ఆశగా చూసేవాణ్నే కాదు. కింద పడ్డ మొదటి నిమిషంలో, నొప్పి ఇంకా తెలియకముందే, "పోనీలే, పైన కెమెరా ఉంది" అనుకున్నాను. ఆ ఊరట ఒక్కటి తలచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. యముడి కొలువులో చిత్రగుప్తుడు కూడా యజమాని మనుషుల పద్దులు మాత్రం చెరిపేసి, మిగతావారివి అచ్చు వేయించే రకమై ఉంటే, నరకమంతా కుంటివాళ్లతోనూ, చేతులు విరిగినవాళ్లతోనూ నిండిపోయేది.

క్షమించాలి. తిరిగి మర్యాదలోకి వస్తున్నాను. ఎంతైనా మీరు పైకప్పుకు మేకులతో బిగించబడినవారు. చూడమన్న వైపు చూస్తారు, మరచిపోమన్నది మరచిపోతారు. మీ మీద కోపగించుకోవడం ఎండకు గొడుగు మీద అలిగినట్టే.

అయితే మరచిపోయిన సాక్షిని ఏమనాలో చట్టానికి చాలాకాలంగా తెలుసు. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే ఒక కుర్రవాడికి నగ ఒకటి దొరికితే, వెల కట్టించడానికి కంసాలి దుకాణానికి తీసుకువెళ్లాడు. అక్కడి పనివాడు తూకం వేసే నెపంతో రాళ్లు ఊడబెరికి, ఖాళీ చట్రం చేతిలో పెట్టాడు. 1722 నాటి ఆ కేసులో, ఆ రాయి ఎంత విలువైనదో తేల్చడానికి రాయే లేదు. న్యాయమూర్తి జూరీతో చెప్పింది ఇది: దుకాణదారు ఆ రాయిని తెచ్చి చూపించనంతవరకూ, అది అత్యుత్తమమైన రాయేనని భావించి వెల కట్టండి. మన దగ్గరా 1872 నాటి సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌లో ఇదే న్యాయం ఉండేది; 2024లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్‌లోనూ అదే ఉంది. ఒకరి చేతిలో ఉండి, వారు చూపగలిగి కూడా చూపని సాక్ష్యం, చూపి ఉంటే వారికే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు భావించవచ్చు. కాబట్టి మీరు మరచిపోయిన దృశ్యంలో తెల్లటి పొర, చక్రాల గీతలు, తప్పుకుని పోయిన యూనిఫాంలు అన్నీ ఉన్నాయనే నేను వాదించబోతున్నాను. లేవని చూపించుకోవలసిన పని మీ యాజమాన్యానిది.

1976లో ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చిన వార్డ్ వర్సెస్ టెస్కో కేసు కూడా జత చేస్తున్నాను. వార్డ్ అనే ఆమె టెస్కో వారి సూపర్‌మార్కెట్ నేల మీద ఒలికిన పెరుగు మీద జారిపడింది. పెరుగు ఎంతసేపటి నుంచి ఉందో ఆమె చెప్పలేకపోయింది. అది ఆమె చెప్పనక్కరలేదని, తగిన జాగ్రత్తలు తీసుకున్నామని చూపించవలసింది దుకాణమేనని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. ఆమె చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చింది. పడిన కొన్ని వారాలకు మళ్లీ అదే దుకాణానికి వెళ్లినప్పుడు నేల మీద పళ్లరసం ఒలికి ఉండడం చూసింది. పావుగంట సేపు అక్కడే నిలబడి, ఎవరైనా వచ్చి తుడుస్తారేమోనని చూస్తూ ఉంది. ఎవరూ రాలేదు. పావుగంట నిలబడిన ఆ మనిషికి, మీలాంటి గాజు గుండ్లు ఎన్ని వేలాడితే సమానమవుతాయో లెక్క కట్టండి.

నిన్న కౌంటరు దగ్గర నిలబెట్టిన సమయాన్ని నేనూ వృథా చేయలేదు. గోడ మీది బొమ్మలను, మూలన ఉన్న తేదీలతో సహా, ఎడమచేత్తోనే ఫొటో తీసుకున్నాను. మీ వెనకున్న పెట్టెలో ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఏ తేదీ దృశ్యాన్ని చూశారు, ఏది బయటికి తీశారు అన్న చిట్టా విడిగా రాసుకునే ఏర్పాటు సాధారణంగా ఉంటుందని, అలాంటివి బిగించేవారు ఒకరు చెప్పారు. దృశ్యం పోయినా ఆ చిట్టా ఉండవచ్చు. నేను పడిన మరునాడు ఆ ముక్కను ఎవరైనా తెరిచి చూశారా, చూసి మూసేశారా అన్నది అందులో తెలుస్తుంది. రేపు వేయబోయే ఫిర్యాదులో మొదటి కోరికగా దానినే రాశాను. పరిహారం రెండో కోరిక.

ఇట్లు,
ఎడమచేతి సంతకంతో, మీ నిరంతర నిఘాలోని ఒక వినియోగదారు

తా.క.: నిన్నటి జవాబుతో పాటు "సద్భావనతో" అంటూ పంపిన కొనుగోలు కూపనును దీనితో తిప్పి పంపుతున్నాను. దానిని వాడుకోవడమంటే ఈ ప్రమాదానికి సంబంధించిన సమస్త హక్కులనూ పూర్తిగా, తుదిగా వదులుకున్నట్టేనని వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చు వేశారు. గడువు కూడా వేశారు. ఆ తేదీ ఉత్తరం నాకు చేరేసరికే దాటిపోయింది.